చరిత్రలో పీజీ, పీహెచ్‌డీ: ప్రశ్న కుదుర్చుకోవడం నుంచి వైవా దాకా

“చిన్నప్పటి నుంచీ నాకు చరిత్ర అంటే ప్రాణం” అని మొదలయ్యే దరఖాస్తు ఏ విశ్వవిద్యాలయంలోనైనా కట్టలో నూటొకటోది అవుతుంది. ప్రాణం కాకపోతే ఈ దారి ఎవరు పడతారు? ప్రవేశాల కమిటీ చూసేది వేరు. మీరు తెలుసుకోవాలనుకుంటున్నది ఏమిటి? అది ఏ కాగితాల్లో దొరుకుతుందని అనుకుంటున్నారు? చరిత్రలో పై చదువంతా ఈ రెండు ప్రశ్నల చుట్టూ తిరుగుతుంది. మీ ప్రశ్న కాగితాలకు పెద్దదవుతుంది, కత్తిరించాలి. కాగితాలు అనుకోని సంగతి చెబుతాయి, ప్రశ్నకు అతుకు వేయాలి. చేరిన రోజు నుంచి వైవా దాకా సాగేది ఈ కుట్టుపనే.

దారి పొడవునా ఒకే ఉదాహరణ పట్టుకుని నడుస్తాను: 1918లో ప్రపంచమంతా పాకి ప్రాణాలు తీసిన ఇన్‌ఫ్లూయెంజా. పరిశోధక విద్యార్థికి గుచ్చుకునే ముళ్లు దాదాపు అన్నీ ఆ ఒక్క అంశంలోనే ఉన్నాయి.

ముందు లెక్కలు తేల్చుకోండి

డిగ్రీ పేర్లు అన్నిచోట్లా ఒకటే అయినా నడిచే తీరు ఒకటి కాదు. బ్రిటన్‌లో ఎం.ఏ. సాధారణంగా ఒక్క ఏడాదే. అక్కడి పీహెచ్‌డీ మూడు నాలుగేళ్లు, అందులో తరగతులు నామమాత్రం, కాబట్టి చేరేనాటికే ప్రశ్న చేతిలో ఉండాలి. అమెరికాలో బి.ఏ. తర్వాత నేరుగా పీహెచ్‌డీలో చేరే వీలుంది. మొదటి రెండు మూడేళ్లు సెమినార్లు, ఆ తర్వాత కొన్ని రంగాల్లో సమగ్ర పరీక్షలు, ఆ పైన పరిశోధన. అంతా కలిపి ఆరేడేళ్లు పట్టడం అక్కడ మామూలు. భారత్‌లో యూజీసీ 2022 నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కోర్సు వర్కుతో కలిపి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు. ఎం.ఫిల్.ను ఆ నిబంధనలతోనే ఆపేశారు.

నా సలహా ఒకటి. ఎక్కడ చదివినా ఎం.ఏ.లో రాసే చిన్న పరిశోధన పత్రాన్ని పరీక్షలా వాడుకోండి. మూడు నాలుగు నెలలు ఒంటరిగా ఒకే దస్త్రం ముందు కూర్చోవడం మీకు నచ్చిందా, లేక గడియారం చూసుకుంటూ గడిపారా? దీనికి నిజాయతీగా జవాబు చెప్పుకుంటే పీహెచ్‌డీ నిర్ణయం సగం తేలినట్టే. మిగతా సగం డబ్బు. ఫెలోషిప్ లేకుండా సొంత ఖర్చుతోనో అప్పుతోనో చరిత్రలో పీహెచ్‌డీ చేయమని నేను ఎవరికీ చెప్పను. పట్టాలు పుచ్చుకుని బయటికి వచ్చేవారి కంటే బోధన ఉద్యోగాలు చాలా దేశాల్లో తక్కువ. మ్యూజియంలు, ఆర్కైవ్స్ (పాత దస్త్రాలను భద్రపరిచే సంస్థలు), ప్రచురణ సంస్థలు, పాత్రికేయం కూడా ఈ చదువుకు గమ్యాలేనని మొదటి రోజే అనుకుంటే చివర్లో గుండె పగలదు.

అంశం వేరు, ప్రశ్న వేరు

“1918 ఇన్‌ఫ్లూయెంజా మీద పరిశోధన చేస్తాను” అనేది అంశం. దానికి జవాబు ఉండదు, పుస్తకాల అర మాత్రమే ఉంటుంది. “ఆ జబ్బుతో ఎంతమంది చనిపోయారు?” అనేది ప్రశ్నే. కానీ ఒక్కరి జీవితంలో తేలేది కాదు. 1927లో ఎడ్విన్ జోర్డాన్ అనే శాస్త్రవేత్త ప్రపంచమంతా కలిపి రెండు కోట్లకు కాస్త పైన అని లెక్క కట్టాడు. 2002లో వచ్చిన ఒక అధ్యయనం దాన్ని ఐదు కోట్లకు పెంచి, అది రెండింతలైనా ఆశ్చర్యం లేదంది. 2018లో మరో బృందం కోటీ డెబ్బై లక్షల దగ్గరికి దించింది. కాలం గడిచేకొద్దీ లెక్క నిజానికి దగ్గరవుతుందనే నమ్మకం ఇక్కడ పనిచేయలేదు. ఎందుకు? చనిపోయినవారిని ఎవరు, ఏ పుస్తకంలో, ఏ కారణం కింద రాశారన్నది దేశానికొక రకంగా ఉంది. అమెరికాలో అన్ని రాష్ట్రాలూ జాతీయ మరణాల నమోదులోకి వచ్చింది 1933లోనే. భారత్‌లో 1921 జనగణన మొత్తం 1911 కంటే తక్కువ తేలింది. అక్కడి మృతుల అంచనాలు ఆ తరుగుదలను వెనక్కి లెక్కించడం మీద చాలావరకు ఆధారపడ్డాయి.

ఇక్కడే మంచి ప్రశ్న తల ఎత్తుతుంది. ఎంతమంది పోయారనే మాట పక్కన పెట్టి, “ఒక ఓడరేవు నగరంలో 1918 శీతాకాలంలో వైద్యులు మరణానికి కారణంగా ఏమి రాశారు, ఎందుకలా రాశారు?” అని అడగండి. ఇన్‌ఫ్లూయెంజా అనా, న్యుమోనియా అనా, ఉత్త జ్వరం అనా? నౌకాశ్రయం మూతపడుతుందన్న భయం ఆ రాతను మార్చిందా? ఈ ప్రశ్నకు కాలం ఉంది, చోటు ఉంది, రాసిన చేతులు ఉన్నాయి, ఆ చేతుల మీద ఒత్తిడి ఉంది. అన్నిటికీ మించి, జవాబు “కాదు” అయ్యే అవకాశం ఉంది. ఏ జవాబు వస్తుందో ముందే తెలిసిన ప్రశ్న కోసం ఆర్కైవ్స్‌కు వెళ్లనవసరం లేదు.

మీ ప్రశ్న నిలబడుతుందో లేదో చూసుకోవడానికి నేను వాడే పరీక్ష ఇది. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాయండి. దాని కింద, జవాబు దొరకవచ్చని మీరు అనుకునే మూడు రకాల పత్రాల పేర్లు రాయండి. ఆ పత్రాలు ఏ ఊరిలో, ఏ సంస్థలో ఉన్నాయో కేటలాగ్ తెరిచి చూడండి. మూడింటిలో ఒకటి లేకపోయినా పని సాగుతుందా? సాగదంటే ప్రశ్న ఇంకా పచ్చిగానే ఉంది.

కాగితాలే లేకపోవడం ఊహ కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1931 జనగణన పత్రాలు 1942 డిసెంబరులో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి. 1941లో యుద్ధం వల్ల జనగణనే జరగలేదు. అంటే 1921కీ 1951కీ మధ్య ఇంటింటి వివరాలు కావాలనుకునేవారు 1939లో యుద్ధం కోసం తయారైన పౌర నమోదు పుస్తకం దగ్గరికి వెళ్లి, దానికి తగ్గట్టు ప్రశ్న మార్చుకోవాలి. డబ్లిన్‌లో 1922 అంతర్యుద్ధంలో ప్రభుత్వ దస్త్రాల భవనం పేలిపోయి శతాబ్దాల పత్రాలు బూడిదయ్యాయి. ఐర్లండ్ మీద పనిచేసేవారు ఇప్పటికీ ఆ గుంతను చుట్టి నడవాల్సిందే.

గైడ్‌ను వెతకడం

విశ్వవిద్యాలయం పేరు చూసి చేరేవారు ఎక్కువ, గైడ్‌ను చూసి చేరేవారు తక్కువ. చరిత్రలో ఈ వరుస తిరగబడాలి. మీ ప్రశ్నకు దగ్గరగా గత పదేళ్లలో ఎవరు రాస్తున్నారో వ్యాసాల పాదసూచికల్లో వెతకండి. ఒకే పేరు పదేపదే కనిపిస్తే ఆ మనిషి ఎక్కడ పనిచేస్తున్నారో, పదవీ విరమణకు ఎంత దూరంలో ఉన్నారో చూడండి. ఆ తర్వాత ఒక చిన్న ఉత్తరం రాయండి: మీరెవరు, మీ ప్రశ్న ఏమిటి, వారి ఏ పని చదివి వారిని వెతికారు. ఒక పేజీ దాటకూడదు. పొగడ్త అక్కర్లేదు.

ఉత్తరానికి జవాబు వచ్చాక, వారి దగ్గర ఇప్పుడు చదువుతున్న విద్యార్థులను ఇద్దరు ముగ్గురిని విడిగా పలకరించండి. అధ్యాయం ఇస్తే ఎన్నాళ్లకు చదివి ఇస్తారు? విద్యార్థి గైడ్ అభిప్రాయాన్ని కాదంటే ఏమవుతుంది? ఈ రెండు ప్రశ్నలు చాలు. పేరున్న మనిషి రెండేళ్లపాటు మీ అధ్యాయాన్ని తెరవకుండా ఉంచడం కంటే, పేరు లేకపోయినా మూడు వారాల్లో ఎర్రసిరాతో నింపి తిరిగిచ్చేవారు మేలు.

దరఖాస్తులో చూపాల్సింది

ఇక్కడ ఎక్కువసేపు ఆగను. ఉద్దేశ పత్రం, పరిశోధన ప్రతిపాదన, మీరు రాసిన ఒక వ్యాసం, రెండు మూడు సిఫారసు లేఖలు ఎక్కడైనా అడుగుతారు. వీటిలో కమిటీ నిజంగా చదివేది వ్యాసాన్ని. దానిలో మీరు కనీసం ఒక ప్రాథమిక ఆకరాన్ని, అంటే ఆ కాలంలోనే పుట్టిన పత్రాన్ని, సొంతంగా చదివి, ఇతరులు చెప్పనిది ఒక్కటైనా చెప్పి ఉండాలి. ఇరవై పుస్తకాల సారాన్ని శుభ్రంగా కూర్చిన వ్యాసం కంటే ఒక మృతుల రిజిస్టరులోని నాలుగు పేజీలను నిలదీసిన వ్యాసం ఎక్కువ దూరం తీసుకెళ్తుంది. సిఫారసు లేఖలు కనీసం నెల ముందు అడగండి. లేఖ రాసేవారికి మీ ప్రతిపాదన ప్రతి కూడా ఇవ్వండి, లేకపోతే వారు మీ హాజరు గురించి రాస్తారు.

భాష, చేతిరాత, తేదీ

అనువాదంలో చదివి ఎం.ఏ. చేయవచ్చు, పీహెచ్‌డీ చేయకూడదు. ప్రశ్నకు కావలసిన భాషలు ఏవో తేలిన రోజే వాటిని మొదలుపెట్టండి. మాట్లాడటం రాకపోయినా ఫరవాలేదు, పత్రం చదవడం రావాలి. చాలామంది మరచిపోయేది ఏమిటంటే, భాష వచ్చినా లిపి రాకపోవచ్చు. జర్మన్ ధారాళంగా చదివేవారు కూడా ఇరవయ్యో శతాబ్దం తొలి భాగందాకా వాడుకలో ఉన్న కురెంట్ చేతిరాత ముందు నోరు తెరుస్తారు. మరాఠీ మాతృభాష అయినవారు మరాఠీని ఒకప్పుడు రాసిన మోడీ లిపి దస్త్రాల ముందు అక్షరాభ్యాసం చేయాల్సిందే. రోజుకు అరగంట చొప్పున ఆరు నెలలు పాత చేతిరాతను ఎత్తిరాయడం తప్ప దీనికి అడ్డదారి లేదు. ట్రాన్స్‌క్రిబస్ వంటి సాధనాలు చేతిరాతను యంత్రంతో చదివిస్తాయి, చాలా సమయం మిగులుస్తాయి. అయితే యంత్రం తప్పు చదివిన చోటు పట్టుకోవాలంటే మీకు ఆ రాత వచ్చి ఉండాలి కదా.

తేదీలు మరో గొయ్యి. బ్రిటన్‌లో 1752 సెప్టెంబరు 2 మరుసటి రోజు సెప్టెంబరు 14. అంతకు ముందు ఇంగ్లండ్‌లో అధికారిక సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, కాబట్టి 1700 ఫిబ్రవరి అని రాసి ఉన్న ఉత్తరం మన లెక్కలో 1701దై ఉండవచ్చు. రష్యాలో 1918 జనవరి 31 తర్వాత వచ్చింది ఫిబ్రవరి 14. అందుకే అక్టోబరు విప్లవపు వార్షికోత్సవం నవంబరులో వస్తుంది. రెండు దేశాల దౌత్య ఉత్తరాలను పక్కపక్కన పెట్టినప్పుడు జవాబు ప్రశ్న కంటే ముందు చేరినట్టు కనిపిస్తే మంత్రతంత్రాలు అనుమానించకండి, క్యాలెండర్లు చూడండి.

వారానికి అయిదు పుస్తకాలు

సెమినార్ అనే పద్ధతిని చరిత్రలో స్థిరపరచినవారిలో ముఖ్యుడు పందొమ్మిదో శతాబ్దపు బెర్లిన్ ఆచార్యుడు లియోపోల్డ్ ఫన్ రాంకే. ఉపన్యాసం ఆపి, విద్యార్థులను బల్ల చుట్టూ కూర్చోబెట్టి, పాత పత్రాన్ని వారి ముందు పెట్టి నిలదీయించేవాడు. నేటి సెమినార్‌లో ఆ పత్రం స్థానంలో ఎక్కువగా పుస్తకాలు ఉంటాయి, అవీ వారానికి మూడు నుంచి అయిదు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదవబోతే రెండో వారానికే వెనకబడతారు.

చదివే వరుస మార్చండి. ముందు ముగింపు, తర్వాత ఉపోద్ఘాతం, ఆ తర్వాత పాదసూచికలు. అవును, అధ్యాయాల కంటే ముందు పాదసూచికలే. రచయిత ఏ ఆర్కైవ్స్‌లో కూర్చున్నాడో, ఎవరితో గొడవ పడుతున్నాడో, ఎక్కడ ఒకే ఒక్క ఆధారం మీద పెద్ద మాట నిలబెట్టాడో అక్కడే తెలుస్తుంది. అప్పుడు వాదనకు ఆయువుపట్టైన ఒకటి రెండు అధ్యాయాలు మాత్రం నెమ్మదిగా చదవండి. చివర్లో మూడు వాక్యాలు రాసుకోండి: రచయిత ఏమంటున్నాడు, ఎవరిని కాదంటున్నాడు, దేనితో నిరూపిస్తున్నాడు. సమగ్ర పరీక్షలకు నూటయాభై పుస్తకాలు తిరగేయాల్సి వచ్చినప్పుడు మిమ్మల్ని కాపాడేది ఈ మూడు వాక్యాలే.

చరిత్ర రచనకూ ఒక చరిత్ర ఉంది, దాన్ని పట్టుకోవడమే ఈ చదువు ఉద్దేశం. 1918 ఇన్‌ఫ్లూయెంజా మీద అమెరికా చరిత్రకారుడు ఆల్‌ఫ్రెడ్ క్రాస్బీ 1976లో రాసిన పుస్తకం 1989లో “మరచిపోయిన” అనే మాటను పేరులో చేర్చుకుని మళ్లీ వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్లకు ఆ మరపు మీదనే పరిశోధనలు వచ్చాయి: నిజంగా మరిచారా, లేక కుటుంబాల జ్ఞాపకాల్లో ఉండి పుస్తకాల్లోకి ఎక్కలేదా? ఒకరి శీర్షిక మరొకరికి ప్రశ్న అయింది. మీ ప్రశ్న ఈ గొలుసులో ఏ కొక్కేనికి తగులుతుందో చెప్పగలిగితే సాహిత్య సమీక్ష (ఇదివరకటి పరిశోధనలను సమీక్షించే) అధ్యాయం తయారైనట్టే.

ఆర్కైవ్స్‌లో మొదటి వారం

బయలుదేరే ముందు ఆర్కైవ్స్‌కు ఉత్తరం రాసి మూడు సంగతులు ఖాయం చేసుకోండి: పఠన మందిరం ఏయే రోజులు తెరిచి ఉంటుంది, చదువరి కార్డుకు ఏ గుర్తింపు కాగితాలు కావాలి, మీకు కావలసిన దస్త్రాలు అదే భవనంలో ఉన్నాయా. మూడోది ముఖ్యం. చాలా సంస్థలు పాత దస్త్రాలను ఊరి బయట గోదాముల్లో ఉంచుతాయి, అడిగిన కొన్ని రోజులకు గాని రావు. మందిరంలోకి సంచి, పెన్ను రానివ్వరు. పెన్సిలు, కాగితం, కంప్యూటర్ ఉంటే చాలు. ఫ్లాష్ లేకుండా ఫొటోలు తీసుకోవడానికి ఇప్పుడు చాలాచోట్ల ఒప్పుకుంటున్నారు.

కొన్ని తలుపులు కాలం తీరితే గాని తెరుచుకోవు. జనగణనలో వ్యక్తుల వివరాలను అమెరికా 72 ఏళ్లు మూసి ఉంచుతుంది, అందుకే 1950 నాటివి 2022లో బయటికి వచ్చాయి. బ్రిటన్‌లో ఆ గడువు నూరేళ్లు. ప్రభుత్వ దస్త్రాలకు అక్కడ 1958 చట్టం పెట్టిన యాభై ఏళ్ల గడువు ఆ తర్వాత ముప్పైకి, ఇరవైకి దిగింది. మీ ప్రశ్న ఈ గడువుల లోపల పడితే పీహెచ్‌డీ పూర్తయ్యాక దస్త్రం తెరుచుకుంటుంది, ఏం లాభం?

దస్త్రం చేతికి వచ్చాక వెంటనే మీ జవాబు కోసం వెతకకండి. ముందు ఆ దస్త్రాన్నే అడగండి: దీన్ని ఎవరు తెరిచారు, ఎవరి కోసం, ఏ గొడవ వల్ల, ఏవి తీసేశాక మిగిలింది ఇది? 1918లో యుద్ధంలో ఉన్న దేశాలు పత్రికల మీద సెన్సార్ పెట్టాయి. తటస్థంగా ఉన్న స్పెయిన్‌లో పత్రికలు రాజు అల్ఫోన్సో జబ్బుపడ్డ సంగతితో సహా అచ్చు వేశాయి. చివరికి జబ్బుకు స్పెయిన్ పేరు అంటుకుంది. వార్త ఎక్కడ రాశారో అక్కడే జబ్బు పుట్టిందనుకోవడం చరిత్ర విద్యార్థి ఎన్నడూ చేయకూడని తప్పు. పత్రం లేకపోవడాన్నీ ఇలాగే అనుమానించాలి. కెన్యాలో బ్రిటిష్ పాలన మీద సాగిన మౌ మౌ తిరుగుబాటు కాలంలో హింసకు గురైన వృద్ధులు లండన్ కోర్టుకు వెళ్లినప్పుడు, 37 పూర్వ వలసలకు సంబంధించి దాదాపు 8,800 దస్త్రాలు హాన్‌స్లోప్ పార్క్ అనే చోట తమ దగ్గరే ఉన్నాయని బ్రిటిష్ విదేశాంగ శాఖ 2011లో ఒప్పుకుంది. అంతవరకు “ఆధారాల్లేవు” అని రాసినవారు ఏమనుకున్నారో మరి.

డిజిటల్ పత్రికల్లో వెతికేవారికి ఒక హెచ్చరిక. “ఇన్‌ఫ్లూయెంజా” అని ఒక్క మాట కొట్టి, వచ్చినవే ఆధారాలనుకోవద్దు. ఆ కాలం వారు గ్రిప్ అన్నారు, స్పానిష్ లేడీ అన్నారు, ఉత్త “ఈ జ్వరం” అన్నారు. యంత్రం మసకగా చదివిన పేజీలో మాట ఉన్నా వెతుకులాటకు దొరకదు. వారం రోజులు ఒక పత్రికను పేజీ పేజీగా తిప్పండి. మరణ వార్తల పక్కన సినిమా హాళ్ల మూసివేత ప్రకటన, దాని కింద జ్వరానికి దివ్యౌషధమంటూ అమ్మకాల ప్రకటన కనిపిస్తాయి. వాటిని ఏ వెతుకులాట పెట్టె మీకు చూపదు.

నోట్సు

ఇది చిన్న విషయమని అందరూ అనుకుంటారు, నేనూ అనుకున్నాను. మొదటి ప్రయాణంలో మూడు వందలకు పైగా ఫొటోలు తీసి, దస్త్రం సంఖ్య రాయకుండా ఇంటికి వచ్చాను. వాటిలో సగం పనికి రాలేదు. ఏ పెట్టెలోవో తెలియని పేజీ పాదసూచికలోకి ఎక్కదు. అందుకే ప్రతి దస్త్రం తెరవగానే ముందు అట్ట మీది సంఖ్యకు ఒక ఫొటో, తర్వాత లోపలి పేజీలకు. ఆ సాయంత్రమే ఫైళ్లకు ఆర్కైవ్ పేరు, దస్త్రం సంఖ్య, పేజీ వరుసలో పేర్లు పెట్టండి. పుస్తకాల వివరాలకు జొటెరో వంటి ఉచిత సాధనం చాలు. పత్రం మాటలు ఒక రంగులో, మీ ఊహలు మరో రంగులో రాయండి. రెండేళ్ల తర్వాత ఏది ఎవరిదో తెలియక ఇతరుల వాక్యం మీ పేరుతో అచ్చయితే, ఉద్దేశం ఏదైనా దాని పేరు చౌర్యమే.

రాత ఎప్పుడు మొదలుపెట్టాలి

పరిశోధన పూర్తయ్యాక రాస్తాననేవారు పరిశోధన పూర్తి చేయరు. మొదటి ఆర్కైవ్ ప్రయాణం నుంచి వచ్చిన నెలలోనే, చేతిలో ఉన్న అత్యంత బలమైన దస్త్రం మీద ఒక అధ్యాయం చిత్తు రాయండి. అది మొదటి అధ్యాయం కానక్కర్లేదు, మధ్యదే మేలు. ఉపోద్ఘాతం అన్నిటికన్నా చివర. రాస్తున్నప్పుడే ఏ ఖాళీ పూడ్చాలో తెలుస్తుంది, రెండో ప్రయాణంలో ఏ పెట్టెలు అడగాలో జాబితా దానంతట అదే తయారవుతుంది. బ్రిటన్‌లో థీసిస్‌కు ఎనభై వేల నుంచి లక్ష పదాలదాకా పరిమితి ఉండటం సాధారణం. వినడానికి కొండలా ఉంటుంది గాని, చివరి ఏడాది విద్యార్థులు పడే బాధ పొడిగించడం గురించి కాదు, తెగ్గొట్టడం గురించి.

మన ఓడరేవు థీసిస్‌కు వస్తే, వైద్యులు ఒత్తిడికి లొంగి కారణాలు మార్చారని నిరూపించాలని వెళ్లిన విద్యార్థికి రిజిస్టర్లలో వేరేది దొరకవచ్చు. అక్టోబరులో వైద్యులే జబ్బుపడటంతో గుమాస్తాలు రాశారని, వారికి తెలిసిన జ్వరాల పేర్లు రెండేనని తేలవచ్చు. కుట్ర పోయి గుమాస్తాల కథ మిగిలితే నిరాశపడకండి. థీసిస్ అసలు మొదలయ్యేది అప్పుడే. ప్రతిపాదనలో రాసిన వాక్యాన్ని కొట్టేసి కొత్తది రాసి, ఆ సాయంత్రమే గైడ్‌కు పంపండి.

వైవా

పద్ధతులు వేరు. బ్రిటన్‌లో సాధారణంగా ఇద్దరు పరీక్షకులు తలుపు మూసి ప్రశ్నిస్తారు. నెదర్లాండ్స్ వంటి దేశాల్లో అది బహిరంగ సభ. ఎక్కడైనా అడిగేవి చాలావరకు ఊహించదగ్గవే: ఈ ప్రశ్న ఎందుకు, ఈ ఆకరాలే ఎందుకు, మీ నగరానికి నిజమైనది పక్క నగరానికి ఎందుకు నిజం కావాలి? థీసిస్ ప్రతిని పక్కన పెట్టుకుని, మీరే పరీక్షకులై ప్రతి అధ్యాయానికీ ఒక కటువైన ప్రశ్న అంచున రాసుకోండి. “ఆ ఆధారం నా దగ్గర లేదు, దొరికితే ఈ వాదన ఇలా మారుతుంది” అని చెప్పడం బలహీనత అనిపించుకోదు. తెలియని దస్త్రాన్ని చూసినట్టు నటించడం మాత్రం నిమిషంలో బయటపడుతుంది, ఎందుకంటే దాన్ని చూసినవారే ఎదురుగా కూర్చుని ఉండవచ్చు.

చిన్న సవరణలతో ఉత్తీర్ణత అన్నది మామూలు ఫలితం. సవరించిన ప్రతిని గ్రంథాలయంలో దాఖలు చేసేటప్పుడు ఒక పత్రం నింపమంటారు: ఇంటర్నెట్‌లో వెంటనే అందరికీ ఇవ్వాలా, కొన్నేళ్లు ఆపాలా? థీసిస్‌ను పుస్తకంగా తేవాలని ఉంటే, ఆ గడిలో గీత పెట్టే ముందు మీ రంగంలోని ప్రచురణకర్తలు ఏమంటున్నారో గైడ్‌ను అడగండి.